లాభం, రెండు, మూడు

హసావిలో మా బిల్డింగుకు ఆరంతస్తులు,
నూటా నలభై మంది, ఒక్క లిఫ్టు, అదీ చెడిపోయింది.
ఏప్రిల్లో వీధి కొసన ముళ్ళకంచె వేసినారు.
కంచెకు అవతల కూడా కువైటే.
అక్కడ దగ్గొస్తే కారు అద్దం దించి
ముక్కులో పుల్ల పెట్టించుకొని
చల్లగా ఇంటికి పోతారు.
మాకు దగ్గొస్తే ఫోను.
ఫోనులో పాట. పాట అయినాక మొదటి ప్రశ్న
జ్వరమెంతని కాదు,
ఏ దేశమని.

మూడో అంతస్తు నర్సు లిస్యమ్మ
జీతం తెగ్గోసుకొని ఒక డబ్బీ కొనింది.
అగ్గిపెట్టెంత ఉంటుంది. వేలికి తగిలిస్తే
ఎర్రగా వెలిగి ఊపిరికి మార్కులేస్తుంది.
చిన్నరెడ్డెయ్య బట్టలారేసే తాడు విప్పి
నేల తుడిచే ఎర్ర బకెట్టు కట్టినాడు.
కిటికీ నుంచి కిటికీకి డబ్బీ ఎక్కేది, దిగేది.
చురానొబ్బోయి! అని అయిదులోంచి.
తొణ్ణూట్టియార్! అని రెండులోంచి.
నేను తొంభై ఏడు అనేదాన్ని, పోపు గరిటె చేతిలోనే పట్టుకొని.

నీలం బకెట్టు వేరే, అది నా వంటది.
బఖాలా సలాం పప్పు మూట పంపి
లెక్క రాయడం మర్చిపోయినానన్నాడు, మూడుసార్లు.
కంచె మీదుగా ఇరానీ ముసలాయన
పేపర్లో చుట్టి రొట్టెలు విసిరేవాడు.
రెండు మాకు అందేవి, ఒకటి ముళ్ళకే.

మొఫజ్జల్‌ది తొంభై నాలుగు.
ఫోనులో చెప్తే మంచి నంబరే, ఇంట్లోనే పండుకోమన్నారు.
పండుకున్నాడు.
తెల్లారి ఎర్ర బకెట్టు అయిదో అంతస్తుకు పోయి
చానాసేపు అక్కడే ఆగింది.

ఆ రాత్రి లిస్యమ్మ మెట్ల మీద కూర్చొని
తన వేలు చూసుకుంది, నా వేలు చూసింది.
ఓబులమ్మా, ఈ డబ్బీ తెల్లతోలు మీద చదువుకుందంట,
నల్లవేలి కాడ అబద్ధమాడుతుందంట,
మునిగిపోతాంటే కూడా తేలుతున్నారంటుందంట.
నాకు నవ్వొచ్చింది. ఏడుపు రావలసిన చోట వచ్చే నవ్వు.
కఫీలు సరే, కౌంటరు సరే,
అగ్గిపెట్టెంత దీపానికి కూడా
మన రంగు ఎవరు చెప్పినారు?

అయితే ఏం చూడాల?
రొమ్ము చూడాల, ఓబులమ్మా. నిమిషానికి ఎన్ని.

తిగిస్ట్ అని నాలుగులో ఉండె, ఇథియోపియా పిల్ల.
ఆ పేరుకు వాళ్ళ భాషలో ఓర్పని అర్థమంట.
నేరేడుపండు వేలికి డబ్బీ తొంభై అయిదు చూపిస్తాంది.
నేను దుప్పటి తీసి కూర్చున్నా,
ఫోనులో ముల్లు చూసుకుంటా.
కల్లంలో గింజలు కొలుస్తా మా నాయన
ఒకటి అనేవాడు కాదు, లాభం అనేవాడు.
నాకూ అదే వచ్చింది నోటికి.
లాభం. రెండు. మూడు.
ముప్ఫై దాటినా ముల్లు ఇంకా చుట్టు తిరగలా.
ముప్ఫై ఎనిమిది.

బకెట్టు దించేది కాదిది, మనిషిని దించాల.
తలుపు ఊడబీకి దాని మీద పండబెట్టి
నాలుగంతస్తులూ దించినారు,
నలుగురు నాలుగు భాషల్లో తిట్టుకుంటా.
కంచె కాడ పోలీసు పిల్లోడు, మీసం ఇంకా సరిగా రాలా,
కాగితం అడిగినాడు.
కాగితం లేదు.
లిస్యమ్మ వాని చెయ్యి పట్టుకొని
తిగిస్ట్ డొక్క మీద పెట్టింది.
లెక్కపెట్టు, అనింది అరబ్బీలో.
వాహద్, అన్నాడు. ఇస్నేన్.
పదకొండు కాడ ఆపేసి
కంచె తీసినాడు.

తిగిస్ట్ బతికింది. సగం మెట్లకే ఇప్పటికీ రొప్పుతుంది.
మొఫజ్జల్ చెప్పులు అయిదో అంతస్తు గడప కాడ
ఎండాకాలమంతా ఉండినాయి, ఎవరూ తియ్యలా.

ఇప్పుడు నేను సాల్మియాలో ఒక అరబ్బు ముసలమ్మకు వండిపెడుతున్నా.
ఆమె వేలికి బంగారు ఉంగరం, పక్కన కొత్త డబ్బీ.
తొంభై ఎనిమిది, చూసినావా, అంటుంది.
చూసినా, అంటా.
ఆమె నిద్రపోయినాక దీపమార్పి
చీకట్లో కూర్చొని
లాభం, అని మొదలుపెడతా.